దవడపన్ను కనబడితేనే పాస్

జోకు పేలిందో లేదో తెలుసుకోవడానికి అందరూ చెవులు వాడతారు. నేను పళ్లు చూస్తాను.

మా కామెడీ సీరియల్ రికార్డింగు జనం ముందే జరుగుతుంది. స్టూడియోలో ఒక పక్క సెట్టు: ఒక సోఫా, రెండు తలుపులు, ఎక్కడికీ వెళ్లని మెట్లు. ఎదురుగా బెంచీల మీద ప్రేక్షకులు. ప్రొడ్యూసర్ అన్నవాళ్లు సెట్టు వైపు చూస్తూ నిలబడతారు. నేను మాత్రం సెట్టుకి వీపు పెట్టి, కెమెరా పక్కన నక్కి, ప్రేక్షకుల నోళ్లలోకి చూస్తుంటాను. ముందుపళ్లు కనిపిస్తే అది మర్యాద, ఊరికే లోపలికి రానిచ్చారు కదా అని నవ్వే నవ్వు. కోరపళ్లు కనిపిస్తే పక్కవాళ్లు నవ్వారని నవ్వడం. దవడపళ్లు కనిపించాయా, అది నవ్వు. ఆ జోకు పాస్. లేకపోతే మళ్లీ రాసుకోవాల్సిందే. ఈ పనిలోకి రాకముందు నేను పళ్ల డాక్టర్ని.

మా సీరియల్‌కి ముగ్గురు ప్రొడ్యూసర్లం. ముగ్గురిలో ఒక్కరం కూడా కామెడీ నేర్చుకుని వచ్చినవాళ్లం కాదు. పెద్దాయన సగం జీవితం నాలుగు రోడ్ల కూడలిలో ఈల ఊదుతూ గడిపాడు. ఆయన్ని అందరం ట్రాఫిక్ అన్న అంటాం. సెట్టు మీద ఎవరు ఏ తలుపులోంచి వచ్చి ఏ తలుపులోంచి పోవాలో ఆయన చేతుల్లోనే ఉంటుంది. "ఒక తలుపులో ఇద్దరు ఎదురుపడితే గుద్దుకోవాలి, లేదా ఒకడు తగ్గాలి. మధ్యలో నిలబడి కబుర్లు చెప్పుకోవడమేంటి, వెనక బండ్లు ఆగిపోవూ?" అంటాడు. ఆ మాటకి ఎదురు చెప్పిన రైటరు ఇంతవరకూ లేడు.

రెండోవాడు బీమా కంపెనీలో పనిచేసినవాడు. ఎక్కడ ఇల్లు కాలినా, కారు మునిగినా వెళ్లి అది నిజమా నాటకమా తేల్చడం అతని ఉద్యోగం. పేరు క్లెయిమ్స్ అని స్థిరపడిపోయింది. కథ ఎంత బాగా చెప్పినా చెంప గోక్కుని, "సాక్ష్యం ఏది?" అంటాడు. కోడలు అలిగిందంటే ఎందుకు అలిగిందో ఆధారం చూపించాలి. టీ తాగేటప్పుడు మాత్రం తన పాత ఉద్యోగంలో విన్న అబద్ధాలన్నీ చెప్పి మమ్మల్ని కడుపుబ్బ నవ్విస్తాడు. ఒకటైనా సీరియల్‌లో పెట్టవయ్యా అంటే, "అవి నిజంగా జరిగినవి. జోకులు కావు," అని కొట్టిపారేస్తాడు.

ఇక నా సంగతి. పళ్లు శుభ్రం చేస్తూ, తీస్తూ, నోటినిండా దూది కుక్కుకుని మాట్లాడలేని మనుషులతో నేనొక్కదాన్నే మాట్లాడుతూ మాట్లాడుతూ నాకు వాగుడు అలవాటైంది. ఒకరోజు ఒక నటుడు పన్ను కోసం వచ్చాడు. నేను చెప్పినదానికి నవ్వు ఆపుకోలేక నా వేలు కొరికాడు. వేలికి కట్టు కట్టుకుంటుంటే, "మేడమ్, ఇంత మంచి మాటలు ఇలా పాడు నోళ్లలో పోస్తున్నారేంటి?" అన్నాడు. ఇప్పుడు మా సీరియల్‌లో మామగారి వేషం అతనిదే. నేను క్లినిక్కి తాళం వేసి వచ్చేశాను.

క్లినిక్ నాన్నది. నాన్న పోయాక నాకొచ్చింది. నేను తాళం వేశాక అమ్మ మర్నాడు నలుగురు మనుషుల్ని పెట్టి నాన్న పళ్ల కుర్చీని ఇంటికి మోయించి, హాల్లో టీవీ ఎదురుగా వేయించింది. ఎవరైనా చుట్టాలొస్తే సోఫా చూపిస్తుంది. తను మాత్రం ఆ కుర్చీలోనే వెనక్కి వాలి టీవీ చూస్తుంది. నెత్తిమీద పెద్ద దీపం, పక్కన ఉమ్మే గిన్నె. ఆ గిన్నెలో బఠాణీలు పోసుకుంటుంది. కుర్చీ మీద చుక్క మురికి ఉండదు. నా డాక్టర్ లైసెన్సు గడువు దాటకుండా చూసుకునేది కూడా అమ్మే.

మా సీరియల్ ఒక్క భాగం కూడా వదలకుండా చూసింది అమ్మ. అయిపోగానే ముందుపళ్లతో, "బాగుందే," అనేది. ఆ వెంటనే చెయ్యి ఆనించే దిండు తట్టి, "కుర్చీ సిద్ధంగానే ఉంది," అనేది. నాకు ఒళ్లు మండిపోయేది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసేది. సీరియల్ ఆగిపోతే నేను వెళ్లాల్సింది ఆ కుర్చీ దగ్గరికే. నాకు ఇంకో విద్య రాదు.

అమ్మ నోట్లో చిట్టచివరి దవడపన్నుకి బంగారు తొడుగు ఉంది. పెళ్లైన కొత్తలో నాన్నే వేశాడట. "అంత వెనక వేస్తే ఎవరికి కనిపిస్తుందండీ?" అని అమ్మ అడిగితే, "నాకు కనిపిస్తే చాల్లే," అన్నాడట. చిన్నప్పుడు నాన్న ఏదో ఒకటి అనడం, అమ్మ పకపకా నవ్వడం, ఆ తొడుగు తళుక్కుమనడం నాకు బాగా గుర్తు. నాన్న పోయాక నేను దాన్ని చూడలేదు.

ఇలా ఉండగా ఛానల్‌కి కొత్త పెద్ద వచ్చింది. అంతకుముందు ఆవిడ సిమెంటు కంపెనీలో ఉండేదని తెలియగానే క్లెయిమ్స్ పేరు పెట్టేశాడు: సిమెంట్ మేడమ్. వచ్చిన రోజే మా సెట్టు చూడటానికి వచ్చి, గోడని వేలి కణుపుతో తట్టింది. ప్లైవుడ్ గోడ కదా, డొల్లగా మోగింది. మెట్లని తట్టింది. అవీ అంతే. మా మొహాల వైపు చూసి, వెళ్లిపోయింది.

తర్వాత ముగ్గుర్నీ తన గదికి పిలిపించింది. ఛానల్ పరిచయ పుస్తకంలో మా గురించి 'సృజన రంగంలో అపారమైన అనుభవం' అని అచ్చు వేయించుకున్నాం. ఆవిడ ఆ పేజీ మీద వేలు పెట్టి, "ఏ రంగంలో?" అంది.

ట్రాఫిక్ అన్న నీళ్లు నమిలాడు. "రోడ్డు రంగంలో అండీ."

"మీరు?"

"నష్టాల రంగం," అన్నాడు క్లెయిమ్స్.

నా వంతు వచ్చింది. "నోటికి సంబంధించిన రంగం మేడమ్," అన్నాను. ఆవిడ కనుబొమ్మ కూడా కదల్లేదు.

"కామెడీ చదువుకుని వచ్చిన పిల్లలు నా దగ్గర బోలెడుమంది ఉన్నారు. సర్టిఫికెట్లు కూడా ఉన్నాయి. ఈ వారం రికార్డింగుకి వచ్చి కూర్చుంటాను. నాకు నవ్వొస్తే మీరుంటారు. రాకపోతే వాళ్లొస్తారు," అంది. ఆ ముక్క చెప్పడానికి కూడా పెదవులు సగమే తెరిచింది.

గది బయటికి రాగానే నేను ఒంటికాలి మీద లేచాను. "సిమెంటు అమ్ముకునే మనిషికి నవ్వు గురించి ఏం తెలుసు?" అని అరిచాను. పళ్లు పీక్కునే మనిషికి ఏం తెలుసని ఆవిడా అనుకుని ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు.

రికార్డింగు రోజు ఆవిడ మొదటి బెంచీలో కూర్చుంది. నేను మిగతా జనాన్ని వదిలేసి ఆ ఒక్క నోరే చూస్తూ నిలబడ్డాను. మామగారు తలుపు బదులు బీరువా తెరిచి లోపలికి వెళ్లిపోయాడు. బెంచీలన్నీ దవడపళ్లే. ఆవిడ నోరు మాత్రం బిగించిన సీసా మూతలా ఉంది. కోడలు ఫోన్‌కి బదులు రిమోట్ చెవికి పెట్టుకుంది. అప్పుడూ అంతే.

అప్పుడు ఎవరో ఆవిడకి చల్లటి నీళ్లు ఇచ్చారు. ఆవిడ గ్లాసుని ఎడమ పక్కకి వంచి తాగింది. తాగి, కుడి కన్ను మూసింది. చెయ్యి చెంప మీదికి వెళ్లబోయి మధ్యలో ఆగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"కుడివైపు, పైన, చివరి జ్ఞానదంతం!" అన్నాను మా వాళ్లిద్దరినీ పక్కకి లాగి. "పుచ్చి ఉంటుంది. నోరు తెరిస్తే గాలి తగిలి జివ్వుమంటుంది. పాపం, ఆవిడకి నవ్వు రాక కాదు. నవ్వలేకపోతోంది!"

"సాక్ష్యం ఏది?" అన్నాడు క్లెయిమ్స్.

"నోట్లో ఉంది. తీసి చూపిస్తా."

లోకంలో ఏ ప్రొడ్యూసరైనా షో పోతుందంటే స్క్రిప్టు తిరగరాస్తాడు. నేను ఛానల్ పెద్ద పన్ను పీకడానికి బయల్దేరాను.

"ఇంకొక్క వారం చూస్తాను," అని ఆవిడ లేవబోతుంటే అడ్డంగా నిలబడి, "పన్ను ఎన్నాళ్లుగా నొప్పి?" అని అడిగేశాను. ఆవిడ మొహంలో రంగు మారింది. ముందు బుకాయించింది. తర్వాత చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "డాక్టర్ల గదులకి నేను రాను. చిన్నప్పట్నుంచీ భయం. ఆ తెల్ల గోడలు, ఆ వాసన..." అంది. సిమెంట్ మేడమ్ భయపడటం చూసి నాకు ఆవిడ మీద కోపమంతా ఎగిరిపోయింది.

"మా కుర్చీ ఇంటి హాల్లో ఉంది మేడమ్. పక్కన బఠాణీలు కూడా ఉంటాయి," అన్నాను.

ఆదివారం పొద్దున్న వచ్చింది. మత్తుమందు, దూది నా క్లాస్‌మేట్ క్లినిక్ నుంచి తెచ్చుకున్నాను. నాకు తోడని ట్రాఫిక్ అన్న, సాక్ష్యానికని క్లెయిమ్స్ వచ్చారు. అమ్మ ఆనందం చెప్పనలవి కాదు. నేను దారికొచ్చాననే అనుకుంది. నాన్న పనిముట్లన్నీ మరిగించి, బఠాణీల గిన్నె కడిగి, కుర్చీ ఖాళీ చేసి, పెళ్లివారు వచ్చినట్టు గుమ్మంలో నిలబడింది.

నేను కావాలనే టీవీలో మా సీరియల్ మొన్నటి భాగం పెట్టాను. ఆ బీరువా జోకే.

హాలు చిన్నది. కుర్చీకీ సోఫాకీ మధ్య ఒక మనిషి పట్టే సందు. నేను సూది పట్టుకుని ఇటు వస్తే, అమ్మ టార్చి పట్టుకుని అటు నుంచి వచ్చింది. ట్రాఫిక్ అన్న ఊరుకోలేకపోయాడు. చెయ్యెత్తి, "డాక్టరమ్మా, ఆగు! పెద్దమ్మగారూ, మీరు ఎడమ పక్క నుంచి రండి. ఆ, ఇప్పుడు కదులు!" అంటూ మొదలుపెట్టాడు. క్లెయిమ్స్ కుర్చీ మీదికి వంగి, నోరు తెరుచుకుని పడుకున్న మనిషిని, "ఈ నొప్పి మొదట ఎప్పుడు గమనించారు? అప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఏం భయం లేదు తల్లీ," అని ధైర్యం చెప్పి, కాసేపు నా వైపు చూసి, "మా ఆయనైతే ఈపాటికి తీసేసేవారు," అంది.

"అమ్మా!"

"ఉన్న మాటే అన్నానే."

పట్టకారుతో పన్ను పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే కుర్చీ వీపు దబ్బున వెనక్కి వాలిపోయింది. దానికి అది పాత రోగం. అమ్మ మాట ఆపకుండానే ఎడమ పెడల్ని మడమతో ఒక్క తన్ను తన్నింది. కుర్చీ లేచి కూర్చుంది. ఆ ఊపుకి పన్ను నా చేతిలోకి వచ్చేసింది.

మేడమ్ ఒళ్లంతా వణుకుతోంది. నేను హడలిపోయి దీపం దగ్గరికి లాగి చూశాను. వణుకు కాదు. నవ్వు! కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. పైవరస, కిందవరస, దవడపళ్లన్నీ చివరిదాకా కనిపిస్తున్నాయి, ఇప్పుడే ఖాళీ అయిన చోటుతో సహా. టీవీలో మామగారు బీరువాలోకి వెళ్తున్నాడు.

"పాస్!" అని గట్టిగా అరిచాను.

క్లెయిమ్స్ మాత్రం చెంప గోక్కుంటూ టీవీనీ, కుర్చీనీ మార్చి మార్చి చూశాడు. "సాక్ష్యం సరిపోదు," అని గొణిగాడు. నేను వినిపించుకోలేదు.

మళ్లీ రికార్డింగు వచ్చింది. మేడమ్ చల్లటి నీళ్ల గ్లాసెత్తి గటగటా తాగింది. నాకు ఏనుగెక్కినంత సంతోషం. జోకులు మొదలయ్యాయి. బెంచీలు గొల్లుమన్నాయి. ఆవిడ నోరు తెరిచింది, నన్ను చూసి. ముందుపళ్లు కనిపించాయి. అంతే. మొదటి నుంచి చివరిదాకా ఆ ముందుపళ్లే. మర్యాద. పన్ను బాగుంది, మనిషి బాగుంది. ఇక మిగిలింది మా సీరియలే.

గదికి పిలిచి చెప్పేసింది. "ఆపేస్తున్నాను."

నా నోరు ఊరుకోదు కదా. "ఆ రోజు మా ఇంట్లో నవ్వారు! నేను చూశాను. లోపలి దవడ దాకా చూశాను!"

"నవ్వాను. టీవీ చూసి కాదు. మీ దీపం కళ్లలో కొడుతుంటే నాకు టీవీ కనిపించనే లేదు. మిమ్మల్ని చూసి నవ్వాను. ఆయన చేతులు చూసి, ఈయన ప్రశ్నలు విని. మీ అమ్మగారి మాటకైతే నొప్పి కూడా మర్చిపోయాను." ఆవిడ బల్లని వేలి కణుపుతో తట్టింది. "సిమెంటు కంపెనీలో నా పని, గోడ పగిలిందని గొడవకి వచ్చినవాళ్ల ఇళ్లకి వెళ్లడం. తట్టి చూస్తే ఎక్కడ డొల్లో తెలిసిపోతుంది. మీ సీరియల్‌ని తట్టి చూశాను. అందులో ఎవ్వరికీ పని లేదు. పొద్దస్తమానం సోఫాలో కూర్చుంటారు. ఆ మామగారు రిటైరయ్యాడంటారు. దేంట్లోంచి?"

ఇన్నేళ్లుగా ఆ మామగారికి జలుబు ఎప్పుడు చేసిందో కూడా మాకు తెలుసు. ఏం ఉద్యోగం చేసేవాడో మాలో ఒక్కరికీ తోచలేదు. మా పాత పనుల్ని దాచుకోవడంలో పడి వాళ్ల చేతుల్లోంచి కూడా పని లాగేశాం. నాకు సిగ్గేసింది.

"ఆ హాలు కావాలి నాకు," అంది ఆవిడ. "ఇంటి మధ్యలో పళ్ల కుర్చీ ఉన్న కుటుంబం. మీ ముగ్గురే తీయండి. కానీ ప్లైవుడ్ కుర్చీ వద్దు. అసలుది తెండి."

ట్రాఫిక్ అన్న ఎగిరి గంతేశాడు. నాకు మాత్రం మా హాలు గుర్తొచ్చింది. అసలు కుర్చీలో అమ్మ కూర్చుని ఉంది.

ఇంటికి వెళ్లాను. అమ్మ కుర్చీలో వాలి బఠాణీలు నములుతోంది. అడగలేక వంటింట్లోకి వెళ్లాను, మళ్లీ వచ్చాను, మళ్లీ వెళ్లాను.

"కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు? చెప్పు."

చెప్పాను. అంతా విని అమ్మ టీవీ ఆపింది.

"అయితే ఇక నువ్వు తిరిగి రావన్నమాట."

"రానమ్మా." ఆ మాట అంతవరకూ నేనెప్పుడూ పైకి అనలేదు. అనగానే ఏడుపొచ్చింది. "నాన్న పని నాకు చేతనైంది గానీ, అందులో నాకు సంతోషం లేదమ్మా."

అమ్మ కుర్చీ దిగింది. కొంగుతో తల ఆనించే దిండు తుడిచింది, ఆ తర్వాత చేతిదిండు, ఆ తర్వాత మళ్లీ తలదిండు. ఎంతసేపు తుడిచిందో, నాకు గుండె తరుక్కుపోయింది. చివరికి, "ఎడమ పెడల్ సంగతి వాళ్లకి ఎవరు చెబుతారు?" అంది.

"ఎవరికీ తెలీదు."

"పిచ్చిమొహాలు. ఎవడి నడుమో విరగ్గొడతారు. నేనూ వస్తాను."

కొత్త సీరియల్ మొదటి రికార్డింగుకి కుర్చీ సెట్టు మధ్యలో మెరుస్తూ నిలబడింది. మేడమ్ వచ్చి తట్టి చూసింది. ఖంగుమంది. మామగారి నటుడికి ఇప్పుడు పళ్ల డాక్టర్ వేషం; కథలో ఆ కుర్చీ అతని భార్య తండ్రిది. అమ్మ అతనికి పెడల్ తన్నడం నేర్పించి, నేర్పించి, విసుగెత్తి, "మీ ఇష్టం నాయనా," అని మొదటి బెంచీలో మేడమ్ పక్కన కూర్చుంది. చేతులు కట్టుకుని, మూతి బిగించుకుని, కుర్చీ మీంచి చూపు తిప్పలేదు. నేను ఎప్పట్లాగే సెట్టుకి వీపు పెట్టి నిలబడ్డాను.

నా వెనక దబ్బుమని చప్పుడైంది. కుర్చీ వాలిపోయింది. ఒక తన్ను వినిపించింది, రెండో తన్ను వినిపించింది, కుర్చీ లేవలేదు. ఆ నటుడు తప్పు పెడల్ తన్నుతున్నాడని నాకు చూడకుండానే తెలిసింది. అమ్మ కోపంతో సగం లేచింది. అప్పుడు, మేం రాసుకున్నట్టే, భార్య వేషం వేసిన నటి చేతిలో టార్చితో పక్కకి వచ్చి, రోగి చెయ్యి పట్టుకుని, తీరిగ్గా, "మా నాన్నగారైతే ఈపాటికి తీసేసేవారు," అంది.

అమ్మ లేచింది లేచినట్టే ఆగింది. నా వైపు ఒక్క చూపు చూసింది. ఆ తర్వాత బెంచీలో కూలబడి, పొట్ట పట్టుకుని, తల వెనక్కి వేసి నవ్వింది. పక్కన మేడమ్ నవ్వుతోంది, వెనక వరసలన్నీ నవ్వుతున్నాయి. నాకు ఇంకెవ్వరి పళ్లూ కనిపించలేదు. అమ్మ నోట్లో చిట్టచివర, స్టూడియో దీపాల వెలుగులో, నాన్న వేసిన బంగారు తొడుగు తళతళలాడుతోంది.

క్లెయిమ్స్ నా పక్కకి వచ్చాడు. "ఏం డాక్టర్, పాసా?"

చెయ్యెత్తి అమ్మ వైపు చూపించాను. అతను వంగి, కళ్లు చికిలించి, ఆ నోట్లోకి చాలాసేపు చూశాడు.

"సాక్ష్యం సరిపోతుంది," అన్నాడు.